దక్కన్ నేల కదిలిన ఉదయాలు

2024 డిసెంబరు 4, బుధవారం ఉదయం 7 గంటల 27 నిమిషాలకు ములుగు జిల్లా మేడారం పరిసరాల్లో, భూమికి 40 కిలోమీటర్ల లోతున, ఒక రాతిపొర ఉన్నట్టుండి జారింది. జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం దాని పరిమాణాన్ని 5.3గా లెక్కగట్టింది. పొయ్యి మీద పాలు కాగే వేళ, పిల్లలు బడికి తయారయ్యే వేళ కావడంతో ఆ కదలికను గమనించినవారు చాలామంది. వంటింటి గూట్లో గిన్నెలు మోగాయి, కూర్చున్న కుర్చీ కదిలింది, తిరగని ఫ్యాను ఊగింది. హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ అపార్ట్‌మెంట్ల పై అంతస్తుల్లో ఉన్నవారు మెట్లు దిగి వీధిలోకి వచ్చారు. కొద్ది సెకన్లలో అంతా సద్దుమణిగింది, చెప్పుకోదగ్గ నష్టమేదీ జరగలేదు. అయినా ఆ రోజంతా ఇద్దరు కలిసిన చోటల్లా మొదటి మాట ఒకటే అయింది: "మీకు తెలిసిందా?"

ఈ ప్రశ్నలో భయం పాలు కొంత ఉన్నా కుతూహలం పాలే ఎక్కువ. తుపాను సంగతి నాలుగు రోజుల ముందే తెలుస్తుంది, వరద ఎగువ ఊళ్ళను దాటుకుంటూ దిగివస్తుంది, ఎండ క్రమంగా ముదురుతుంది. భూకంపానికి అలాంటి కబురు ఉండదు. అన్నిటికీ ఆధారమని నమ్మిన నేల, ఓర్పుకు ఉపమానంగా తరతరాలుగా చెప్పుకుంటూ వచ్చిన నేల, కాళ్ళ కింద కదిలినప్పుడు మనిషికి కలిగే విస్మయం వేరు. ఆ సమయంలో నిద్రలో ఉండి గమనించనివారు తమకేదో దక్కకుండా పోయినట్టు బాధపడటం కూడా కనిపిస్తుంది. కొందరిలో ఆ విస్మయం అక్కడితో ఆగక, ప్రపంచంలో ఎక్కడ నేల కదిలినా పటం తెరిచి ఎంత లోతున, ఏ పగులు వెంట అని వెతికే అలవాటుగా స్థిరపడుతుంది. దక్కన్ పీఠభూమి మీద బతికేవారిలో ఈ అలవాటుకు ప్రత్యేకమైన విలువ ఉంది. జపాన్‌లో భూకంపమే తరచుగా వచ్చి తన గురించి నేర్పుతుంది. అక్కడి పిల్లలకు బల్ల కింద తలదాచుకోవడం అక్షరాలతో పాటే వస్తుంది. ఇక్కడ ఒక తరం చూసింది తర్వాతి తరానికి కథగా మిగిలి, ఆ కథ కూడా మరుగున పడ్డాక గాని నేల మళ్ళీ గట్టిగా కదలదు. కనుక ఇక్కడ భూకంపాల జ్ఞాపకం జనం అనుభవంలో కంటే, ఆసక్తితో పట్టి చూసినవారి రాతల్లోనూ పరికరాల్లోనూ ఎక్కువగా భద్రపడి ఉంది.

ములుగు కదలికలో ఆ ఉదయం చాలామంది గమనించీ పట్టించుకోని ఒక వివరం ఉంది. మేడారం నుంచి హైదరాబాద్, విజయవాడ రెండూ సూటిగా కొలిస్తే ఇంచుమించు ఒకే దూరం, సుమారు 200 కిలోమీటర్లు. రాయి జారిన చోటు నుంచి రెండు రకాల తరంగాలు ఒకేసారి బయలుదేరతాయి. మొదటిది పి తరంగం. గాలిలో ధ్వని సాగినట్టే ఇది రాతిని నొక్కుతూ, సాగదీస్తూ సెకనుకు సుమారు 6 కిలోమీటర్ల వేగంతో పోతుంది. రెండోది ఎస్ తరంగం. తాడు కొస పట్టి విదిలిస్తే అల పోయినట్టు ఇది రాతిని పక్కలకు ఊపుతూ సెకనుకు సుమారు 3.5 కిలోమీటర్ల వేగంతో వెనక వస్తుంది. అంటే 200 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఇంటికి పి తరంగం దాదాపు 33 సెకన్లకు, ఎస్ తరంగం దాదాపు 57 సెకన్లకు చేరతాయి. కిటికీ అద్దాన్ని సన్నగా వణికించేది మొదటిది, మంచాన్ని ఊపేది రెండోది. రెంటికీ నడుమ 24 సెకన్ల వ్యవధి. మెరుపుకూ ఉరుముకూ మధ్య అంకెలు లెక్కపెట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో పల్లెల్లో అంచనా కట్టినట్టే, ఈ వ్యవధిని 8తో హెచ్చవేస్తే భూకంపం ఎన్ని కిలోమీటర్ల దూరంలో పుట్టిందో ఉజ్జాయింపుగా తేలుతుంది: 24ను 8తో హెచ్చవేస్తే 192. మూడు ఊళ్ళ నుంచి ఇలాంటి మూడు దూరాలు దొరికితే, పటం మీద మూడు వృత్తాలు గీసి అవి కలిసే చోటును పట్టుకోవచ్చు. భూకంప లేఖినులు వచ్చిన తొలినాళ్ళలో శాస్త్రజ్ఞులు కాగితం మీద చేసిన పని ఇదే; ఇప్పుడు కంప్యూటర్లు చేసే పనికీ మూలసూత్రం ఇదే. ఏ పరికరమూ లేని మనిషి కూడా, కంగారు అణచుకుని అంకెలు లెక్కపెట్టగలిగితే, భూగర్భం నుంచి ఒక కొలతను సంపాదించగలడు. కుతూహలానికి ఇంత సూటిగా జవాబు చెప్పే ప్రకృతి ఘటనలు ఎక్కువ లేవు.

పరిమాణం అన్న మాట దగ్గర మాత్రం గందరగోళం చాలా ఉంది. పత్రికల్లో అలవాటుగా 'రిక్టర్ స్కేలుపై తీవ్రత' అని రాస్తారు. ఛార్లెస్ రిక్టర్ 1935లో దక్షిణ కాలిఫోర్నియా భూకంపాల కోసం రూపొందించిన ఆ కొలమానానికి బదులు, 1979 నుంచి వాడుకలోకి వచ్చిన భ్రామక పరిమాణాన్ని పెద్ద భూకంపాలకు ఎక్కువగా లెక్కిస్తున్నారు; జారిన పగులు వైశాల్యం, అది జారిన మేర, రాతి బిగువు అన్నీ ఇందులోకి వస్తాయి. పరిమాణం భూకంపానికి ఒకటే ఉంటుంది. తీవ్రత ఊరూరికీ మారుతుంది, ఎందుకంటే అది ఆ చోట నేల ఎంత ఊగింది, ఏమేం పడ్డాయి అన్నదాన్ని చెబుతుంది. పరిమాణపు అంకె ఒక్కటి పెరిగితే వెలువడే శక్తి దాదాపు 32 రెట్లు పెరుగుతుందన్న సంగతి గుర్తుంచుకుంటే ములుగు 5.3కూ, ముందు ముందు చెప్పబోయే కిల్లారి భూకంపపు 6.2కూ ఉన్న తేడా చిన్నది కాదని బోధపడుతుంది. ఆ తేడా 22 రెట్లకు పైమాటే.

నష్టాన్ని నిర్ణయించేది అంకె ఒక్కటే కాదు. ములుగులో జారిన రాయి 40 కిలోమీటర్ల లోతున ఉంది. అంటే సరిగ్గా దాని మీద ఉన్న గుడిసె కూడా దానికి 40 కిలోమీటర్ల దూరంలో ఉన్నట్టే లెక్క. నేల మీద ఏ ఇల్లూ అంతకంటే దగ్గర కాలేదు. ఆ లోతే ఆ ఉదయం గోదావరి లోయను కాపాడింది. అదే సమయంలో, అంత మధ్యరకపు కదలిక అంత దూరం తెలియడానికి కారణం దక్కన్ రాతిలో ఉంది. తెలుగు నేల కింద చాలా చోట్ల ఉన్న గ్రానైట్, నైస్ శిలల వయసు 250 కోట్ల ఏళ్ళకు పైబడింది. అవి చల్లారి బిగుసుకుపోయిన రాళ్ళు. కాలిఫోర్నియా వంటి చోట్ల వేడిగా, ముక్కచెక్కలుగా ఉన్న రాతిలో తరంగాలు త్వరగా ఇంకిపోతాయి. ఇక్కడి రాయి కంచులా మోగుతూ వాటిని చాలా దూరం మోసుకుపోతుంది.

నేల ఎందుకు కదులుతుందన్న ప్రశ్న ఇక్కడ కొత్తది కాదు. ఆదిశేషుడు మోసి మోసి అలసి భూమిని ఒక పడగ మీద నుంచి మరో పడగ మీదికి మార్చుకుంటాడని మన ఇళ్ళలో పెద్దలు పిల్లలకు చెప్పిన మాట. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు తన బృహత్సంహితలో భూకంపాలకు ఒక అధ్యాయమే కేటాయించి, అప్పటికి వాడుకలో ఉన్న మతాలను వరసగా నమోదు చేశాడు: సముద్రంలోని మహాప్రాణుల కదలిక అని కొందరు, భూభారానికి అలసిన దిగ్గజాల నిట్టూర్పు అని కొందరు, గాలులు ఒకదానినొకటి ఢీకొని నేల మీద పడటం అని మరికొందరు అన్నారట. కారణం చెప్పడంలో ఇవన్నీ తప్పినా, ఒకే సంగతి మీద ఉన్న భిన్నాభిప్రాయాలను పక్కపక్కన పెట్టి చూపిన ఆ పద్ధతి గౌరవించదగినది.

ఆ ప్రశ్నకు ఆధునిక శాస్త్రం ఇచ్చిన జవాబులో భారతదేశపు భూకంపం ఒకటి కీలకమైన పాత్ర వహించింది. 1897 జూన్ 12న అస్సాం, షిల్లాంగ్ ప్రాంతాలను 8కి పైబడిన పరిమాణంతో కుదిపిన భూకంపాన్ని భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థలో పనిచేస్తున్న రిచర్డ్ డిక్సన్ ఓల్డ్‌హామ్ పరిశోధించాడు. కొన్ని చోట్ల బండరాళ్ళు తమ గుంటల అంచులకు తగలకుండానే పైకి ఎగిరిపడటాన్ని గమనించి, నేల ఊపు భూమ్యాకర్షణను సైతం మించిందని ఆయన గ్రహించాడు. ఆ తర్వాత, వేల కిలోమీటర్ల దూరంలో ఐరోపా పరికరాల మీద నమోదైన గీతలను పరిశీలించి, పి, ఎస్ తరంగాలు, నేల పైపొర వెంట సాగే ఉపరితల తరంగాలు మూడూ వేర్వేరుగా వస్తున్నాయని 1900లో చూపాడు. 1906లో, భూమి మధ్యగుండా పోయిన తరంగాలు ఆలస్యంగా చేరుతున్నాయి గనుక లోపల వేరే గుణమున్న కేంద్రమండలం ఉండి తీరాలని వాదించాడు. మనిషి ఇప్పటికీ 12 కిలోమీటర్లకు కాస్త పైన మాత్రమే తవ్వగలిగాడు. 6,371 కిలోమీటర్ల వ్యాసార్థమున్న భూగోళంలో అది మామిడిపండు తొక్క మీద గోటిగీత. అంతకు దిగువన ఉన్నదాని గురించి తెలిసినదాంట్లో అత్యధిక భాగం భూకంప తరంగాలు మోసుకొచ్చిన కబురే. ఊళ్ళను కూల్చిన అదే ఊపు భూమి లోపలికి దారి చూపే వెలుగు కూడా కావడం ఈ శాస్త్రంలో మనసును పట్టి నిలిపే విషయం.

భారత ఫలకం, అంటే మన దేశాన్ని మోస్తున్న భూపటలపు పెద్ద పలక, ఏడాదికి సుమారు 5 సెంటీమీటర్ల వేగంతో ఉత్తరంగా జరుగుతూ ఆసియాను నెడుతోంది. దాదాపు 5 కోట్ల ఏళ్ళుగా సాగుతున్న ఆ ఒత్తిడి ప్రధానంగా హిమాలయాల దగ్గర తీరుతుంది. కాని నెట్టే బలం ఫలకం అంతటా వ్యాపించి ఉంటుంది. తలుపును ఒక కొస నుంచి గట్టిగా నొక్కి పట్టుకుంటే అతుకులున్న చోట చెక్క కిర్రుమన్నట్టు, దక్కన్‌లోని పాత అతుకులు ఆ ఒత్తిడికి అప్పుడప్పుడూ జారుతుంటాయి. ఆ అతుకుల్లో తెలుగు నేలకు ముఖ్యమైనది ప్రాణహిత-గోదావరి పగులు లోయ. దాదాపు 30 కోట్ల ఏళ్ళ కిందట, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికాలతో కలిసి గోండ్వానా ఖండంలో భాగంగా ఉన్న రోజుల్లో, ఇక్కడ భూపటలం సాగి, రెండు భ్రంశాల (రాయి జారే పగుళ్ళ) నడుమ పొడవాటి పళ్ళెంలా కుంగింది. ఆ పళ్ళెంలో అడవులు పెరిగి, పూడి, బొగ్గుగా మారాయి. ఈనాడు బెల్లంపల్లి నుంచి కొత్తగూడెం దాకా సింగరేణి తవ్వుతున్న బొగ్గు ఆ కుంగుబాటు ఇచ్చిన సంపద. వాయవ్యం నుంచి ఆగ్నేయానికి గోదావరి నడిచే దారి కూడా చాలావరకు ఆ పగులు వెంబడే ఉంది. మణుగూరు దగ్గర భూమిలోంచి ఉబికే వేడినీళ్ళు, ఆ పగుళ్ళు నీటికి లోతైన దారులుగా నేటికీ పనిచేస్తున్నాయని తెలుపుతాయి.

ఈ లోయలో 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర 5.7 పరిమాణంతో నేల కదిలింది. ఆ తర్వాత 55 ఏళ్ళకు మేడారం దగ్గర. రెండూ ఒకే లోయ పరిధిలోవి. అయినా 2024లో చాలామంది నోట వినిపించిన మాట 'ఇక్కడ ఎన్నడూ ఇలా జరగలేదు' అన్నదే. 1969 నాటి కదలికను బాల్యంలో చూసినవారు అప్పటికి అరవై దాటినవారు. భద్రాచలం కదలికకు రెండేళ్ళ ముందు, 1967 మార్చి 27న, ఒంగోలు ప్రాంతంలో 5.4 పరిమాణపు భూకంపం వచ్చింది. 1983 జూన్ చివర హైదరాబాద్ శివారు మేడ్చల్ దగ్గర నేల కదిలింది. ఇవన్నీ పరిశోధకుల పట్టికల్లో ఉన్నాయి, జనం నోళ్ళలో లేవు. ములుగు కదలిక తర్వాత అదే నెలలో మహబూబ్‌నగర్ ప్రాంతంలోనూ, ప్రకాశం జిల్లా ముండ్లమూరు వైపునా చిన్న ప్రకంపనలు వచ్చినప్పుడు అవన్నీ ఒకే గొలుసులోని లంకెలని చాలామంది భయపడ్డారు. వాటి నడుమ దూరాలు చూస్తే ఆ భయానికి ఆధారం కనబడదు. చిన్న కదలికలు ఎప్పుడూ వస్తూనే ఉంటాయి. పరిమాణపు అంకె ఒకటి తగ్గితే వాటి సంఖ్య సుమారు పది రెట్లు పెరుగుతుందన్నది లోకమంతటా వర్తించే లెక్క. పెద్దదొకటి వచ్చాక మాత్రమే మన చెవులు వాటికోసం నిక్కబొడుచుకుంటాయి.

దక్కన్ 'స్థిరమైన కవచం' అన్న పాఠానికి మొదటి పెద్ద దెబ్బ పడమటి కనుమల్లో తగిలింది. మహారాష్ట్రలోని కోయినా నది మీద 103 మీటర్ల ఎత్తున కట్టిన ఆనకట్ట వెనక 1960ల తొలినాళ్ళలో నీరు నిలపడం మొదలైన కొద్దికాలానికే చుట్టుపక్కల ప్రకంపనలు మొదలయ్యాయి. 1967 డిసెంబరు 11న తెల్లవారకముందే 6.3 పరిమాణంతో వచ్చిన భూకంపం సుమారు 180 మందిని బలిగొంది, కోయినానగర్‌ను కూల్చింది, ఆనకట్ట కాంక్రీటులో అడ్డంగా పగుళ్ళు తెచ్చింది. జలాశయం కారణంగా వచ్చిన భూకంపాల్లో ప్రపంచంలో ఇప్పటికీ ఇదే అతి పెద్దదని పరిశోధకులు సాధారణంగా పరిగణిస్తారు.

నీటి బరువుకు భూమి విరిగిందని అనుకోవడం సులువు, కాని ఆ బరువు ఇందులో చిన్న భాగమే. రాతి పగుళ్ళలో ముందే ఉన్న నీటి మీద జలాశయం ఒత్తిడి పెంచుతుంది. ఆ ఒత్తిడి నెలల తరబడి మెల్లగా లోతుకు పాకి, ఒకదానినొకటి అదిమిపట్టుకుని ఉన్న రాతి ముఖాల నడుమ పట్టును సడలిస్తుంది. అప్పటికే జారడానికి సిద్ధంగా ఉన్న పగులు జారిపోతుంది. అందుకే ఈ భూకంపాలను నీరు పుట్టించిందనడం కంటే పురిగొల్పిందనడం సరైన మాట. కోయినా కంటే దాదాపు నాలుగు రెట్ల నీరు పట్టేలా కట్టిన నాగార్జునసాగర్ దగ్గర అలాంటి భూకంపం రాలేదు. ప్రపంచంలోని అత్యధిక జలాశయాల కింద ఏ కదలికా ఉండదు. పగులు సిద్ధంగా లేని చోట నీరు ఏమీ చేయదు.

హైదరాబాద్‌లో 1961లో ఏర్పడిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థకు కోయినా దశాబ్దాల పాటు ప్రయోగశాల అయింది. సుమారు 20 కిలోమీటర్ల వెడల్పు, 30 కిలోమీటర్ల పొడవు ఉన్న ఒక్క ముక్కలోనే అర్ధ శతాబ్దానికి పైగా, కొద్ది కిలోమీటర్ల లోతులోనే భూకంపాలు వస్తూండటం, వానాకాలం తర్వాత జలాశయం నిండే వేళ అవి పెరగడం పరిశోధకుడికి మరెక్కడా దొరకని అవకాశం. భూకంపం పుట్టే చోటికే నేరుగా దిగి చూడాలన్న ఆలోచనతో అక్కడ 3 కిలోమీటర్ల లోతైన తొలి బోరును 2017 నాటికి తవ్వారు. సుమారు 1.2 కిలోమీటర్ల మందమున్న నల్లరాతి (బసాల్టు) పొరలను దాటాక దిగువ గ్రానైట్ తగిలింది. బావి కోసం, బొగ్గు కోసం, చమురు కోసం బోర్లు వేయడం అందరికీ తెలుసు. భూకంపాన్ని దాని ఇంటికే వెళ్ళి పలకరించడానికి వేసిన బోరు ఇది.

నీటి ప్రభావం తెలుగు నేల మీద కూడా చిన్న ఎత్తున కనిపిస్తుంది. 2019 చివర, 2020 మొదట్లో పులిచింతల జలాశయం పరిసరాల్లో, సూర్యాపేట జిల్లా చింతలపాలెం వైపు ఊళ్ళలో వందల కొద్దీ చిన్న ప్రకంపనలు వచ్చాయి. 2020 జనవరి 26 తెల్లవారుజామున వచ్చింది వాటిలో పెద్దది, సుమారు 4.6. అదే ఏడాది అక్టోబరులో హైదరాబాద్‌లోని బోరబండ వాసులు భూమిలోంచి పేలుడు లాంటి చప్పుళ్ళు విని రాత్రులు వీధుల్లో గడిపారు. పరికరాలు పెట్టి చూస్తే అవి పరిమాణంలో 2 కూడా దాటని కదలికలని తేలింది. చాలా పైపొరలో పుట్టిన చిన్న కదలికలోని వేగవంతమైన కంపనాలు దారిలో ఇంకిపోకముందే నేల పైకి చేరి, గాలిలోకి ధ్వనిగా మారతాయి. అందుకే దూరంలోని పెద్ద భూకంపం నిశ్శబ్దంగా ఊపితే, కాళ్ళ కిందనే పుట్టిన అతి చిన్నది ఢామ్మని మోగుతుంది. వానాకాలపు నీరు పగుళ్ళలోకి ఇంకిన తర్వాత ఇలాంటి చప్పుళ్ళు వినబడటం దక్కన్‌లో పలుచోట్ల గమనించిన విషయం. కారణం తెలియని చప్పుడు అవతల పెద్ద ప్రమాదం ఉందన్న పుకారును పుట్టిస్తుంది. తెలిసిన చప్పుడు నిద్రను మాత్రమే చెడగొడుతుంది.

1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున, 3 గంటల 56 నిమిషాలకు, లాతూర్ జిల్లా కిల్లారి దగ్గర 6.2 పరిమాణంతో వచ్చిన భూకంపం మాత్రం దక్కన్ గురించి ఉన్న ధీమాను పూర్తిగా చెరిపేసింది. ముందు రోజు వినాయక నిమజ్జనం. ఊరేగింపులు ముగించుకుని అలసి నిద్రపోయిన ఊళ్ళు. దాదాపు 10,000 మంది చనిపోయారు. అప్పటి భూకంప పటంలో ఆ ప్రాంతం అన్నిటికంటే తక్కువ ప్రమాదమున్న మొదటి మండలంలో ఉంది. అంతకు ముందు ఏడాది అక్కడ చిన్న ప్రకంపనలు వచ్చి ఆగిపోయాయి. అలాంటివి వచ్చి ఆగిపోయిన ఊళ్ళు దక్కన్‌లో లెక్కలేనన్ని ఉన్నందున, వాటిని ముందస్తు సూచనగా గుర్తించే వీలు ఎవరికీ లేకపోయింది.

కిల్లారిలో రాయి జారిన లోతు 10 కిలోమీటర్ల లోపే. ములుగుతో పోలిస్తే శక్తి 22 రెట్లు, దూరం నాలుగో వంతు. అయినా అంత మరణానికి అది ఒక్కటే చాలదు. మిగతా కారణం గోడల్లో ఉంది. మరాఠ్వాడాలో మాళవద అని పిలిచే ఆ ఇళ్ళకు రెండడుగులకు మించిన మందంతో రాతి గోడలు ఉండేవి. లోపలి వరస, బయటి వరస వేర్వేరుగా పేర్చి, నడుమ రాతి ముక్కలూ మట్టీ కూరేవారు. రెండు వరసలనూ కలిపి పట్టే పొడవాటి కట్టురాళ్ళు చాలా గోడల్లో లేవు. పైన దూలాల మీద అడుగు మించిన మందంతో మట్టి కప్పు. ఎండను ఆపడంలో ఆ ఇల్లు గొప్పది. పక్కకు ఊగినప్పుడు మాత్రం గోడ రెండుగా విడిపోయి కూలుతుంది, టన్నుల కొద్దీ మట్టి నిద్రపోతున్నవారి మీద పడుతుంది. చాలా చోట్ల లోపలి కొయ్య స్తంభాలు నిలిచే ఉన్నాయి, గోడలే పోయాయి. కప్పు బరువును స్తంభాలకూ గోడలకూ గట్టిగా కట్టి ఉంటే, గోడల మధ్య కట్టురాళ్ళు వేసి ఉంటే, అదే ఊపుకు ఎందరో బతికేవారు. తెలంగాణ, రాయలసీమ పల్లెల్లో ఇప్పటికీ కనిపించే రాతి గోడల మట్టి మిద్దెలు వీటికి దగ్గరి చుట్టాలు. ఆ ఇళ్ళను పాతవని కూల్చనక్కరలేదు. గోడల పైఅంచున చుట్టూ ఒక కాంక్రీటు పట్టీ, అక్కడక్కడా గోడను అడ్డంగా కుట్టిపట్టే కట్లు వాటికి చాలా బలాన్నిస్తాయని కిల్లారి తర్వాత చేసిన పనులు చూపాయి.

ఆ తర్వాత జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ కిల్లారి దగ్గర 617 మీటర్ల లోతుకు బోరు వేసింది. సుమారు 338 మీటర్ల నల్లరాతి కింద అతి పురాతన శిల దొరికింది. నల్లరాతి పొరలు అక్కడ కొన్ని మీటర్ల మేర తెగి, ఒకదాని మీదికి ఒకటి జరిగి ఉన్నట్టు కూడా తేలింది. 1993లో ఒక్కసారి జరిగిన జారుడు అంత మేర ఉండదు. అంటే ఆ పగులు అంతకు ముందూ కదిలింది. ఏ గ్రంథానికీ, ఏ శాసనానికీ అందని కాలంలో కదిలింది. 'ఎన్నడూ జరగలేదు' అన్న మాటకు రాయి ఇచ్చిన జవాబు అది. 2002లో సవరించిన జాతీయ పటంలో మొదటి మండలమే లేకుండా పోయింది. దేశంలో భూకంపం బొత్తిగా పట్టని నేల అంటూ లేదని ఆ సవరణ ఒప్పుకుంది. ఆ పటంలో హైదరాబాద్ రెండో మండలంలోనూ, భద్రాచలం, విజయవాడ మూడో మండలంలోనూ ఉన్నాయి.

నగరాల్లో పల్లెల మట్టి కప్పు స్థానాన్ని మరొక బలహీనత ఆక్రమించింది. 2001 జనవరి 26న కచ్‌లో 7.7 పరిమాణంతో భూకంపం వచ్చినప్పుడు, 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న అహ్మదాబాద్‌లో కూడా బహుళ అంతస్తుల భవనాలు కొన్ని నేలమట్టమయ్యాయి. వాటిలో చాలావాటికి ఒక పోలిక ఉంది: కింది అంతస్తును గోడలు లేకుండా పార్కింగ్‌కు వదిలి, పై అంతస్తుల్లో గదులన్నిటికీ ఇటుక గోడలు కట్టారు. ఊపు వచ్చినప్పుడు పై భాగమంతా ఒకే దిమ్మెలా కదిలి, ఆ కదలిక మొత్తాన్నీ కింది పిల్లర్ల మీదే మోపుతుంది. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో ఏ కాలనీలో చూసినా కనిపించే స్టిల్ట్ పార్కింగ్ అపార్ట్‌మెంట్ల రూపం ఇదే. పిల్లర్ల పరిమాణం, వాటి లోపలి ఇనుప రింగుల దూరం, ఆ రింగుల కొసలు లోపలికి వంచారా లేదా అన్న సంగతి, కింది అంతస్తులో అడ్డుగోడలు కొన్నయినా ఉన్నాయా అన్నది ఆ భవనం మనుగడను తేలుస్తాయి. ఫ్లాటు కొనేటప్పుడు టైల్స్ రంగు గురించి అడిగినంత శ్రద్ధగా ఈ రింగుల గురించి అడిగేవారు అరుదు. భూకంపాల మీద ఆసక్తి ఉన్న మనిషి కాంక్రీటు పోయకముందే వెళ్ళి చూడవలసిన చోటు అది, ఎందుకంటే పోసిన తర్వాత ఎవరికీ కనిపించదు.

'మళ్ళీ ఎప్పుడు వస్తుంది' అన్నది భూకంపం తర్వాత మొదట పుట్టే ప్రశ్న. తేదీ, చోటు, పరిమాణం మూడూ ముందుగా చెప్పగల పద్ధతి ఇంతవరకు లేదు. చైనాలోని హైచెంగ్‌లో 1975 ఫిబ్రవరి 4న, ముందు వచ్చిన వరస ప్రకంపనలను చూసి జనాన్ని ఇళ్ళ నుంచి తరలించి ఎందరినో కాపాడారు. మరుసటి ఏడాది జులై 28న అదే దేశంలోని తాంగ్‌షాన్‌లో ఏ సూచనా లేకుండా వచ్చిన భూకంపం అధికారిక లెక్కల ప్రకారమే 2,40,000కు పైగా ప్రాణాలు తీసింది. కుక్కలు మొరగడం, పాములు బయటికి రావడం, ఆకాశంలో మబ్బుల ఆకారం వంటివన్నీ జరిగిపోయాక గుర్తుచేసుకుని అతికించుకునే సూచనలు. భూకంపం రాని వేల రోజుల్లో కూడా కుక్కలు మొరుగుతాయి. చెప్పగలిగేది సంభావ్యత మాత్రమే. దక్కన్‌లో ఏదో ఒక పాత అతుకు దగ్గర మరో మధ్యరకపు భూకంపం వచ్చి తీరుతుంది. అది గోదావరి లోయలోనా, ఒంగోలు వైపా, ఇప్పటిదాకా పేరు కూడా వినని పల్లె కిందా అన్నది పగులుకే తెలుసు.

ఒక సందర్భంలో మాత్రం భూకంపం వచ్చాక కూడా హెచ్చరించే సమయం ఉంటుంది. 2004 డిసెంబరు 26 ఉదయం సుమత్రా దగ్గర 9.1 పరిమాణంతో సముద్రగర్భం కదిలినప్పుడు కోస్తాంధ్రలో కొందరికి సన్నని ఊపు తెలిసింది. అలలు ఆంధ్ర తీరాన్ని తాకడానికి ఆ తర్వాత రెండు గంటలకు పైనే పట్టింది. ఆ రెండు గంటల్లో కబురు చెప్పే ఏర్పాటేదీ లేనందున, తీరంలోని పల్లెకారులు, ఆదివారం సముద్రస్నానానికి వచ్చినవారు వందమందికి పైగా రాష్ట్రంలో చనిపోయారు. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార సేవల కేంద్రంలో 2007 నుంచి సునామీ హెచ్చరికల విభాగం పనిచేస్తోంది. ఎస్ తరంగం కంటే ముందు వచ్చే పి తరంగం లాగే, అల కంటే ఎంతో ముందు చేరే భూకంప తరంగమే అక్కడ మొదటి కబురు.

భద్రాచలం భూకంపం నాటికి దక్షిణాదిన పరికరాలు చాలా తక్కువ. అలాంటి రోజుల్లో పరిశోధకులు ఊరూరా జనాన్ని అడిగి తీవ్రత పటాలు గీసేవారు: నిద్రలో ఉన్నవారికి మెలకువ వచ్చిందా, వేలాడే లాంతరు ఊగిందా, ఊగితే ఏ దిక్కుకు, బిందెలో నీళ్ళు తొణికాయా, గోడకు పగులు పడితే అడ్డంగానా ఏటవాలుగానా. ఆ జవాబులు లేకపోతే 1969 నాటి ఊపు ఏ ఊరికి ఎంత తాకిందో చెప్పే ఆధారం అతి తక్కువగా మిగిలేది. ఇప్పుడు జాతీయ భూకంప విజ్ఞాన కేంద్రం తన యాప్ ద్వారా అవే ప్రశ్నలు అడుగుతోంది. ఏ అంతస్తులో ఉన్నారు, కూర్చున్నారా నిలబడ్డారా, ఎన్ని సెకన్లు ఊగింది అన్న వివరాలు ఆ రోజే రాసి పంపితే పనికివస్తాయి. వారం గడిస్తే అందరి జవాబులూ టీవీలో చూసిన దృశ్యాలతో కలిసిపోతాయి. సన్నని వణుకుకూ పెద్ద ఊపుకూ మధ్య ఎన్ని అంకెలు లెక్కపెట్టారో కూడా అందులో రాయవచ్చు.